పలకని మూడో పేరు

నా చిన్నప్పుడు, పదో ఏట, మా తమ్ముడికి బాప్తిస్మం ఇచ్చింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. డెబ్బై దాటిన ఈ వయసులోనూ ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నా కుడిచెయ్యి చల్లబడుతుంది.

మాది సంగం జాగర్లమూడి దగ్గర కాలవ ఒడ్డున ఒక పల్లె. నాన్న బడిపంతులు. ఆ వారం ఏదో శిక్షణ ఉందని రేపల్లె వెళ్ళారు. అమ్మకు ఇంకా నెల పైనే గడువు ఉండగా నొప్పులు వచ్చాయి. తమ్ముడు పుట్టాడు గాని గట్టిగా ఏడవలేదు. అమ్మకు రక్తం ఆగడం లేదు. పురుడు పోసిన అవ్వ భయపడిపోయి, తెనాలి ఆసుపత్రికి బండి మాట్లాడుకొస్తానని పరుగెత్తింది. ఇంట్లో అమ్మా, నేనూ, పాత చీరముక్కలో చుట్టిన తమ్ముడూ మిగిలాం.

వాడి పెదవులు నీలంగా మారుతున్నాయి. నాకంటే ముందు అమ్మే చూసింది. మేము లూథరన్లం. మాలో పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇస్తారు. బిడ్డ ప్రాణం మీదికి వచ్చి, పాస్టరుగారు అందుబాటులో లేకపోతే విశ్వాసి ఎవరైనా ఇవ్వవచ్చు. ఈ సంగతి అమ్మకు బాగా తెలుసు. ఆమె తండ్రి, అంటే మా తాతయ్య, పాస్టర్లు కాబోయేవాళ్ళకు చాలా ఏళ్ళు సిద్ధాంతం చెప్పిన మనిషి.

"చెంబుతో నీళ్ళు తీసుకురా. నా చెయ్యి లేవట్లేదు. నువ్వే ఇవ్వు. ఆదివారం బడిలో నేర్చుకున్నావుగా," అంది అమ్మ.

దేవుడి మూడు పేర్లు చెప్పాలి. ఒక్కో పేరుకు ఒకసారి నీళ్ళు పొయ్యాలి. తండ్రి అన్నాను, పోశాను. కుమారుడు అన్నాను, పోశాను. ఆ నీళ్ళు వాడి నుదుటి మీదుగా చెవిలోకి జారాయి. అంతవరకూ ఎగిరెగిరిపడుతున్న ఆ చిన్న పొట్ట ఆగిపోయింది. మూడో పేరు నా నోట రాలేదు. మూడోసారి పట్టిన నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి చాప మీదికి కారిపోయాయి.

"అయిందా?" అని అమ్మ కళ్ళు మూసుకునే అడిగింది.

"అయిందమ్మా," అన్నాను.

అవ్వ బండి తెచ్చింది. అమ్మను తెనాలి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున నాన్న వచ్చారు. తమ్ముణ్ణి ఎక్కడ పాతిపెట్టాలన్న మాట వచ్చింది. బాప్తిస్మం లేని పిల్లల్ని మా ఊరి సమాధుల తోటలో కంచె బయట పెట్టేవాళ్ళు. అది ఎవరు పెట్టిన పద్ధతో నాకు తెలియదు. పదేళ్ళ పిల్ల ఇచ్చింది చెల్లుతుందా అని ఒక పెద్దాయన సందేహం లేవదీశాడు. పాస్టరుగారు నన్ను పిలిచి, మూడు పేర్లూ చెప్పావా అని మెల్లగా అడిగారు. నాన్న నా వైపు చూస్తున్నారు. ఆయన కళ్ళు చూసి, చెప్పానండి అన్నాను. తమ్ముణ్ణి కంచె లోపల పెట్టారు.

అప్పటినుంచి నాకు అన్నం దిగలేదు. అమ్మ ప్రాణంతో ఇంటికి వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే మాట చెప్పేది. బిడ్డ పోతే పోయాడు గాని నా కూతురు వాణ్ణి దేవుడి చేతిలో పెట్టింది అని. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రమే ఆమె ముఖం కాస్త తేటపడేది. ఆ తేట నా అబద్ధం మీద నిలబడి ఉందని నాకొక్కదానికే తెలుసు. తమ్ముడు ఎక్కడో చీకట్లో, వాకిలి బయట, ఎవరూ పిలవకుండా ఉండిపోయాడని నాకనిపించేది. నా వల్లే ఉండిపోయాడు.

నేను చిక్కిపోతున్నానని నాన్న నన్ను బాపట్లలో తాతయ్య ఇంటికి పంపారు. తాతయ్య అప్పటికే పని మానుకుని ఇంట్లో ఉంటున్నా, పొద్దంతా బల్ల ముందే కూర్చునేవారు. గ్రీకు పుస్తకం ఒక పక్క, తెలుగు బైబిలు ఒక పక్క. ఆయనకు తెలియనిది ఏదీ ఉండదని నా నమ్మకం. మూడు రోజులు ఆయన చుట్టూ తిరిగి, నాలుగో రోజు అడిగాను.

"బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఒక పేరు మర్చిపోతే ఏమవుద్ది తాతయ్యా?"

మనవరాలు సిద్ధాంతం అడిగిందని ఆయన సంబరపడ్డారు. కళ్ళజోడు తీసి, విద్యార్థికి చెప్పినట్టే చెప్పారు. వట్టి నీళ్ళు బాప్తిస్మం కావనీ, నీళ్ళతో మాట కలవాలనీ, ఆ మాట ప్రభువు చెప్పినట్టు పూర్తిగా ఉండాలనీ అన్నారు. పేరు తగ్గితే అది బాప్తిస్మమే కాదట. మళ్ళీ మొదటినుంచి ఇవ్వాలట. చెప్పేసి కళ్ళజోడు పెట్టుకుని పుస్తకంలోకి వెళ్ళిపోయారు.

మళ్ళీ మొదటినుంచి ఇవ్వాలి. నాకు ఆ మాటే మిగిలింది.

తెల్లారాక, అమ్మమ్మ దొడ్లో ఉండగా బయల్దేరి స్టేషనుకు వెళ్ళాను. టిక్కెట్టు లేకుండానే తెనాలి వెళ్ళే ప్యాసింజరు ఎక్కి, ఒక పెద్ద కుటుంబం పక్కన వాళ్ళ పిల్లలా కూర్చున్నాను. తెనాలిలో దిగి కాలవ గట్టు పట్టుకుని నడిచాను. ఎంతసేపు నడిచానో తెలియదు. సమాధుల తోట గట్టు పక్కనే. ఒడ్డున దొరికిన కొబ్బరిచిప్పతో నీళ్ళు ముంచుకుని, తమ్ముడి మట్టి మీద పోస్తూ మూడు పేర్లూ చెప్పాను. మట్టి పీల్చేసుకుంది. నీళ్ళు వాడిదాకా వెళ్ళాయో లేదో అని భయం వేసింది. మళ్ళీ తెచ్చాను. మళ్ళీ చెప్పాను. చెప్పేకొద్దీ వరస తప్పుతున్నానేమోనని అనుమానం. అలా ఎన్నిసార్లు కాలవకు వెళ్ళొచ్చానో. చిన్న దిబ్బ కాస్తా బురదైపోయి ఒక పక్కకు జారుతుంటే, నేను దాన్ని రెండు చేతులతో ఎగదోస్తూ ఏడుస్తున్నాను.

అప్పుడు తాతయ్య వచ్చారు. బాపట్ల స్టేషనులో ఎవరో నేను బండి ఎక్కడం చూసి చెప్పారట. ఆయన తర్వాతి బండిలో వచ్చి, ఆ గట్టు మీదే మా ఇంటికి వెళ్తూ నన్ను చూశారు.

"ఏం చేస్తున్నావు తల్లీ?" అన్నారు.

అంతా చెప్పేశాను. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోవడం, అయిందని అమ్మతో అనడం, పాస్టరుగారితో అబద్ధమాడడం. తాతయ్య తెల్ల పంచెతోనే ఆ బురదలో నా పక్కన కూలబడ్డారు.

"నిన్న నువ్వు ఎవరి గురించి అడుగుతున్నావో నేను అడగలేదు," అన్నారు. "అది నా తప్పు."

తర్వాత, మార్కు సువార్త చివర్లో ఉన్న ఒక వాక్యం చెప్పమన్నారు. నమ్మి బాప్తిస్మం పొందినవాడి గురించిన వాక్యం. నాకు కంఠతా వచ్చు, చెప్పాను: నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును, నమ్మని వానికి శిక్ష విధింపబడును. మొదటి సగంలో రక్షణకు ఎన్ని మాటలున్నాయని అడిగారు. నమ్మడం, బాప్తిస్మం, రెండు అన్నాను. రెండో సగంలో శిక్ష ఎవరికని అడిగారు. నమ్మనివాడికి అన్నాను.

"ఇంకా?"

మళ్ళీ మనసులో చదువుకున్నాను. ఇంకేమీ లేదు. బాప్తిస్మం లేనివాడికి అని అక్కడ లేదు. అన్నిసార్లు ఆదివారం బడిలో వల్లించానుగాని, లేని మాట లేదని ఎప్పుడూ గమనించలేదు.

దేవుడు మనల్ని నీళ్ళ దగ్గరికి రమ్మన్నాడనీ, రాగలిగినవాళ్ళు తప్పక రావాలనీ తాతయ్య చెప్పారు. కానీ నీళ్ళు అందని చోటికి తాను రాలేనని ఆయన ఎక్కడా అనలేదట. వద్దని తోసెయ్యడం వేరు, అందకపోవడం వేరు. మన పెద్దలు ఎప్పటినుంచో ఇలాగే చదివారన్నారు.

"అయితే తమ్ముడు దేవుడి దగ్గర ఉన్నాడా?" అన్నాను.

"నేను చూడలేదు తల్లీ. నమ్ముతున్నాను."

ఉన్నాడు అని గట్టిగా అనలేదని ఆ క్షణం నాకు కోపం వచ్చింది. అన్నీ తెలిసిన మనిషి అలా అంటే ఇక నన్నెవరు ఆదుకుంటారు? అయినా ఆయన పక్కనుంచి లేవలేదు. ఇద్దరం కలిసి దిబ్బను సరిచేశాం.

ఇంటికి వెళ్ళాక తాతయ్య తలుపు దగ్గర నిలబడ్డారు, అమ్మకు నేనే చెప్పాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అంత పొడవైన రెండు రోజులు మళ్ళీ నా జీవితంలో రాలేదు. మూడో రోజు పిలిచి జడ వేస్తూ, అంత బరువు నీ చేతిలో పెట్టింది నేనేగా అంది. అంతే. ఆ తర్వాత ఇంటికి వచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పడం మానేసింది. ఆమె ముఖంలో ఆ తేట మళ్ళీ నాకు కనబడలేదు. ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేకపోయారు.

నేనూ పెద్దయ్యాక క్రైస్తవ వేదాంతమే చదివాను. మార్కు సువార్తలో ఆ వాక్యం ఉన్న చివరి భాగం కొన్ని పాత ప్రతుల్లో లేదని తరగతిలో విన్న రోజు నా కాళ్ళ కింద నేల మళ్ళీ కదిలింది. తాతయ్యకు అది తెలియకుండా ఉండదు. అడుగుదామంటే అప్పటికి ఆయన లేరు. ఆ రాత్రంతా ఆయన మీద అలిగాను. తెల్లవారేసరికి ఒకటి అర్థమైంది. ఆయన దాచాలనుకుంటే, ఉన్నాడని చెప్పి ఊరుకునేవారు. చూడలేదని చెప్పారు. నమ్ముతున్నానని చెప్పి బురదలో నాతో కూర్చున్నారు. నేను ఇన్నాళ్ళు పట్టుకుని నిలబడింది వాక్యాన్నీ, ఆ పక్కన కూర్చున్న మనిషినీ కలిపి.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పిల్లలకు సిద్ధాంతం చెప్పాను. ఇప్పటికీ కొందరు ఇంటికి వచ్చి అడుగుతారు. ఉరి వేసుకున్నవాడి సంగతి ఏంటండి, నమ్మకుండా పోయిన నాన్న సంగతి ఏంటండి అని. జవాబు నాలుక చివరే ఉంటుంది. అయినా ముందు, ఎవరి కోసం అడుగుతున్నావమ్మా అంటాను. కొందరు చెబుతారు. కొందరు తల వంచుకుంటారు. అప్పుడు పుస్తకం మూసేసి, కుర్చీ జరుపుకుని వాళ్ళ పక్కన కూర్చుంటాను.