నడవనివ్వని నాలుగు నెలలు

హచ్చొళ్ళి దగ్గర మా వరిమడికి నీళ్లు కట్టడానికి వెళ్లిన మా ఆయన ఆ రోజు కాలువ గట్టు మీద మూడుసార్లు కూర్చున్నాడు. ఇంటికొచ్చాక చూస్తే, వాచిన పాదాల్లో చెప్పుల పట్టీలు దిగబడి ఉన్నాయి.

"వయసయితాండాది లేమ్మే."

"వయసు పాదాలకే వస్తాదా?" అన్నాను.

బళ్లారిలో ఈసీజీ, ఎకో తీశారు. "హార్ట్ ఫెయిల్యూర్. ఎజెక్షన్ ఫ్రాక్షన్ ముప్పై, అంటే గుండె పంపాల్సిన రక్తంలో సగమే పంపుతోంది" అన్నారు డాక్టర్. మందులు, ఉప్పు తగ్గించడం, రోజూ బరువు చూసుకోవడం. చీటీ చివర 'వాకింగ్' అని కూడా రాశారు. డిగ్రీ చదివినదాన్ని. ఆ మాట చదివాను గానీ నమ్మలేదు.

కాస్త తేరుకున్నాక ఆయన తువ్వాలు భుజాన వేసుకుంటే తలుపుకి అడ్డం నిలబడ్డాను.

"యాడికి?"

"మన మడి తూము దాకా పోయొస్తా."

"గుండె చెడిపోయినోనికి తూమెందుకు? పండుకో."

"డాక్టరు నడవమన్యాడు గదమ్మే."

"పడిపోతే డాక్టరొచ్చి మోస్తాడా?"

ఇన్నేళ్ల కాపురంలో నాతో వాదించి ఆయన గెలిచింది లేదు. ఆ రోజూ పోయి పడుకున్నాడు. బాత్రూముకు కూడా నేనే పట్టుకుని తీసుకెళ్లేదాన్ని. పలకరించడానికి వచ్చినవాళ్లు "పసిబిడ్డ మాదిరి చూసుకుంటాండావు" అంటే పొంగిపోయాను.

నాలుగు నెలలకు లుంగీ కింద పిక్కలు మాయమయ్యాయి. మంచం మీంచి లేస్తేనే ఆయాసం. చెకప్‌లో డాక్టర్ ఆ కాళ్లు నొక్కి చూశారు. "గుండెను వీక్ చేసింది జబ్బు. కాళ్లను వీక్ చేసిందెవరమ్మా?"

నోటికి పేరు పడ్డదాన్ని. సంచిలోంచి పాత చీటీ తీసి చివరి మాట మళ్లీ చదివాను.

ఫిజియోథెరపీ అమ్మాయి మంచం చుట్టూ నడకతో మొదలుపెట్టించింది. "మాట్లాడుకుంటా నడవండి అంకుల్. ఆయాసంతో మాట తెగితే ఆగిపోండి."

"మా ఇంట్లో మాట్లాడేది ఈమెనమ్మా" అన్నాడు ఆయన.

మధ్యలో ఒంట్లో నీరు చేరి రెండు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగితే ఆస్పత్రిలో అడ్మిట్ చేశారు. మళ్లీ మంచం చుట్టూ నడక నుంచే మొదలు.

ఇప్పుడు రోజూ పొద్దున గట్టు మీద నడుస్తాం. ఆయన మాట్లాడతాడు, నేను వింటాను. కాలువ వంతెన దగ్గర "అవతలి మడికి నీళ్లు..." అంటుండగానే ఆయాసంతో మాట తెగి ఆగిపోతాడు. మా తూము అక్కడికి కనపడుతుంది. చూసి వెనక్కి తిరుగుతాం. ఆ నాలుగు నెలలు నడవనిచ్చి ఉంటే తూము దాకా పోయేవాడేమో. ఆ మాట ఆయన ఒక్కసారీ అనలేదు. అని ఉంటే నాకు కాస్త బరువు దిగేది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, ఎంత నడవాలో, ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. రాసింది నమ్మండి. పక్కనే నడవండి, నోరు మూసుకుని. మాట తెగడం మీకు వినపడాలి కదా.