ఉద్యానవనం తెర

అనకాపల్లిలో కొట్లకు బోర్డులు రాసే ఆదం ఏ అక్షరం మొదలుపెట్టినా ముందు ఒక కన్ను మూసి, కుంచెను గాలిలో తిప్పి చూసుకుంటాడు. రంగు అంటిన వేళ్లు లుంగీకే తుడుచుకుంటాడు. ఒకప్పుడు నాటకాల కంపెనీకి తెరలు గీసినవాడు. దర్బారు తెర లేవగానే, రాజు ఇంకా రాకముందే జనం చప్పట్లు కొట్టేవారు. అందరూ సినిమాలకు అలవాటుపడ్డాక కంపెనీ మూతపడింది. తెరలు ఎవరెవరి పాలో అయ్యాయి.

పందొమ్మిది వందల అరవైమూడు వేసవిలో, అకాలవర్షం మొదలవుతుండగా, బెల్లం మార్కెట్లో బోర్డు రాస్తున్న ఆదం గబగబా నిచ్చెన దిగాడు. త్రినాధరావు కొట్టు ముందు బెల్లం దిమ్మల మీద కప్పి ఉన్నది తను ఒకప్పుడు కంపెనీకి గీసిన ఉద్యానవనం తెర. అందులో పూలు కోసే చెలికత్తెకు, ఎవరికీ చెప్పకుండా, తన భార్య బషీరాబీ ముఖం వేశాడు. ఆమె పురిట్లోనే పోయింది. ఫోటో అంటూ ఒక్కటీ లేదు.

“బాబూ, ఈ తెర నాకిచ్చీండి. బదులు టార్పాలిన్ తెత్తాను,” అన్నాడు ఆదం.

“పాతగుడ్డకి బదులేటి? వాన తగ్గనీ, అట్టుకుపో.”

వాన వెలిశాక ఇద్దరూ కలిసి తెర లాగారు. చెట్లున్నాయి, కొలను ఉంది. చెలికత్తె ఉన్నచోట మాత్రం తడిసిన బెల్లం గుడ్డకు అతుక్కుని, రంగంతా దిమ్మలతోనే ఊడిపోయింది. ఆదం తడి నేల మీద చతికిలబడ్డాడు.

“మళ్లీ గీసుకో ఆదం. సెయ్యి నీదే కదేటి,” అన్నాడు త్రినాధరావు జాలిపడి.

“సెయ్యుంది బాబూ. ఆ ముఖం ఎలాగుండేదో నాకు గుర్తు రాట్లేదు.”