మామయ్య వెంటనే ఎందుకు కాల్చేవాడు కాదు

మా మామయ్యను వీధిలో పిల్లలు ‘దుర్మార్గుడు’ అని పిలిచేవారు. ముద్దుగానే పిలిచేవారు, ఆయన ముద్దుగానే పలికేవాడు. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీయడం ఆయన పని. యజమాని కసిరినా ‘సరేనండీ’ తప్ప రెండో మాట తెలియదు. ‘నా తమ్ముడి నోట్లో నాలుక లేదు’ అనేది అమ్మ. శనివారం సాయంత్రం మొహానికి రంగు పూసుకుని స్టేజి ఎక్కాడంటే మాత్రం ఆ లేని నాలుక ఎక్కణ్ణుంచి మొలిచేదో, హాల్లో ఆఖరి బెంచీ వాళ్ళు కూడా ఒళ్ళు సర్దుకుని కూర్చునేవారు.

వాళ్ళది చిన్న నాటక సమాజం. హీరో మా నాన్న, విలన్ మామయ్య. పక్క తెర వెనక పీట వేసుకుని మాటలు అందించేది అమ్మ. నాటకం పేరు మారేది గానీ చివరి రంగం మారేది కాదు, మారిస్తే జనం ఊరుకునేవారు కాదు. కొట్లాటలో హీరో ఓడిపోతాడు. విలన్ అతన్ని కుర్చీకి కట్టేసి, గుండెకు తుపాకీ గురిపెట్టి, కాల్చడం మానేసి ఉపన్యాసం మొదలుపెడతాడు.

చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయేది. “తుపాకీ చేతిలోనే ఉంది కదా మామయ్యా, కాల్చెయ్యొచ్చు కదా?” అని అడిగేదాన్ని.

“కాల్చేస్తే జనం టికెట్టు డబ్బులు వెనక్కిమ్మంటారే” అని నవ్వేవాడు. ఒకసారి మాత్రం నవ్వకుండా చెప్పాడు. “విలన్‌కి ఇంకెవరున్నారే? వాడి పక్కనుండే రౌడీలకు వాడి బుర్ర అర్థం కాదు. వాడెంత కష్టపడ్డాడో, ఎంత తెలివిగలవాడో పూర్తిగా తెలిసేది హీరోకి ఒక్కడికే. కాల్చేస్తే ఇక ఎవరికి చెప్పుకుంటాడు?”

అసలు సంగతి అది కూడా కాదు. నాన్నకు ఆయాసం ఉండేది. కొట్లాట అయ్యేసరికి రొమ్ము ఎగిరెగిరి పడేది, నోట మాట వచ్చేది కాదు. ఆ ఊపిరి నిలదొక్కుకునే దాకా ప్రసంగం సాగదీయడం మామయ్య బాధ్యత. నాన్న మడమ రెండుసార్లు నేలకు తాకించాడంటే ‘చాలు, ఆపు’ అని. వెంటనే మామయ్య ఆఖరి మాట చెప్పాలి, తాడు ముడి జారాలి, హీరో లేవాలి. అమ్మతో కలిపి ఆ ముగ్గురికి తప్ప ఈ ఏర్పాటు ఎవరికీ తెలియదు. విలన్ ఎంత పొగరుబోతో అని జనం పళ్ళు నూరేవారు. నిజానికి అక్కడ ఒక బావమరిది బావకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేవాడు, అంతే.

ఒక శనివారం హాలు కిటకిటలాడిపోయింది. ఎందుకో మామయ్య గొంతు ఎన్నడూ లేనంతగా పలికింది. పుస్తకంలో లేని మాటలు దొర్లుకుంటూ వస్తున్నాయి, ప్రతి మాటకూ చప్పట్లు. విలన్‌కు చప్పట్లు కొట్టడం మా జనానికి అలవాటు లేదు. కుర్చీలో నాన్న తల ఒక పక్కకు వాలింది. ఆహా, ఏం నటన అనుకున్నారు. తెర దించాక కూడా లేవకపోతే సమాజం వాళ్ళు హాస్యమాడుతున్నాడనుకున్నారు. మామయ్య భుజం పట్టుకుని కుదిపి, “బావా, అయిపోయింది, లే” అన్నాడు. నాన్న ఇక లేవలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మామయ్య మా ఇంటికి రావడం, వంటింటి గుమ్మం పక్క కుర్చీలో కూర్చోవడం, అమ్మ ఇచ్చిన టీ చల్లారబెట్టి తాగడం. లేచేముందు ఒకటే ప్రశ్న. “అక్కా, నువ్వు కూర్చున్న చోటి నుంచి బావ కాళ్ళు కనబడేవి కదా. మడమ కదిలిందా?”

“ఏమోరా, నేను పుస్తకం చూస్తున్నాను” అనేది అమ్మ.

అమ్మ పుస్తకం చూడటం లేదు. మడమ కదలడం స్పష్టంగా చూసింది. చూసి, ఆఖరి మాట మామయ్యకు వినబడేలా రెండుసార్లు అందించింది కూడా. ఈ సంగతి నాతో చెప్పింది, ఆయనతో చెప్పలేదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టుండేది ఆమె వరస. నాకు మాత్రం ఆ ఆదివారాలంటే భయం పట్టుకుంది. అదే కుర్చీ, అదే ప్రశ్న, అదే జవాబు. నాన్న పోయిన ఇంట్లో ఆ రంగం వారం వారం ఆడుతూనే ఉంది, కాకపోతే ఈసారి కట్టేసి ఉన్నవాడు మామయ్య. ఒకసారి ఉండబట్టలేక అమ్మ మీద అరిచాను. “కదిలిందని చెప్పి ఒక్కసారిగా చంపెయ్, లేదా కదల్లేదని అబద్ధం చెప్పి వదిలెయ్. ఈ నాన్చుడేమిటి?”

“నీకు తెలియదు, ఊరుకో” అంది.

సమాజం వాళ్ళు కొన్నాళ్ళకు కొత్త హీరోను తెచ్చుకుని మళ్ళీ నాటకం వేశారు. మామయ్యను బతిమాలి ఒప్పించారు. కొట్లాట అయింది, కుర్చీకి కట్టడం అయింది. మామయ్య తుపాకీ ఎత్తాడు. నోరు తెరిచాడు. కుర్చీ వైపు చూశాడు, ఢామ్మని పేల్చేశాడు.

కొత్త హీరో అటూ ఇటూ చూశాడు. “ఇప్పుడు నేను చావాలా అండీ?” అని పైకే అడిగేశాడు. జనం ఈలలు, కేకలు, ఎవరో చెప్పు కూడా విసిరారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మామయ్య చేతులు చూశాను. తుపాకీ కింద పడేసి, ఎవరో తరుముతున్నట్టు కుర్చీ తాళ్ళు విప్పేస్తున్నాడు. మళ్ళీ స్టేజి ఎక్కలేదు.

ఏళ్ళు గడిచాయి. మామయ్య కళ్ళకే అద్దాలు వచ్చాయి. ఒక ఆదివారం వచ్చాడు, టీ తాగాడు, మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు, దుకాణం యజమాని కొడుకు పిసినారితనం గురించి మాట్లాడాడు, లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ప్రశ్న అడగలేదు.

అమ్మ కంగారుపడింది. ఆమె మొహంలో అంత కంగారు నాన్న పోయిన రోజు కూడా నేను చూడలేదు.

“ఏరా, ఈ వారం అడగలేదేం?”

“ఎన్నాళ్ళని అడుగుతానక్కా. నిన్ను విసిగించడం తప్ప ఏముంది? మానేశాను.”

అమ్మ గోడకు చెయ్యి ఆనించింది. “కదిలిందిరా” అంది. “రెండుసార్లు. నేను చూశాను.”

మామయ్య కింద పడిపోతాడేమోనని నేను లేచాను. ఆయన పడలేదు. అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

“తెలుసక్కా. నేనూ చూశాను. ఊపిరి అందిందనుకున్నాను. చప్పట్లు కాస్త తగ్గాక ఆపుదామనుకున్నాను.”

వంటింట్లో ఏదో గిన్నె మూత కదులుతోంది. ఎవరూ వెళ్ళి స్టవ్ ఆపలేదు. ఇన్నేళ్ళూ ఆయన అడిగింది తెలుసుకోవడానికి కాదని, అక్క నోటితో ఆ మాట విని ఆమె వేసే శిక్షకు తలవంచడానికని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఆయన మీద జాలి, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. మా నాన్న చప్పట్ల కోసం ఆగాల్సివచ్చింది.

“ఇక రానులే అక్కా” అని మామయ్య గడప దాటబోయాడు.

“కూర్చో” అంది అమ్మ. ఆ గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. “నాకు కాళ్ళే కనబడ్డాయిరా. నువ్వు ఎదురుగా ఉన్నావు. ఆయన మొహం చూసింది నువ్వొక్కడివే. ఇన్నేళ్ళూ నిన్ను పోనివ్వలేదంటే అందుకే. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఎలా ఉన్నాడు? ఆఖర్న ఎలా ఉన్నాడు?”

మామయ్య చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాడు. తల వంచి అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తల ఎత్తినప్పుడు ఆయన వెన్ను నిటారుగా ఉంది, గొంతు పూర్వంలా ఉంది.

“నన్ను చూసి నవ్వాడక్కా. జనం నాకు చప్పట్లు కొడుతుంటే ‘కానియ్‌రా’ అన్నట్టు నవ్వాడు. బాధపడలేదు.”

అది నిజమో కాదో నేను చెప్పలేను. మామయ్య మంచి నటుడు. ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు.

అమ్మ తన పీట ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఇంకోసారి చెప్పు” అంది.