చుక్కలక్క

ఆమె పని కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో. ముందు గదిలో యజమాని వచ్చినవాళ్ళందరికీ "మీ ముఖానికి ఇదే అందమండీ" అని ఒకే మాట చెబుతుంటే, వెనక ఆమె అద్దాలను ఫ్రేము కొలతకు అరగదీసి, అంచులు నున్నగా చేసి, పగలకుండా బిగించేది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. సాయంత్రానికి కనుబొమల మీద కూడా తెల్లటి పొడి పేరుకునేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "నా కంటికెవరూ ఆనలేదు" అని నవ్వేసేది.

తోబుట్టువంటే ఒక్క తమ్ముడే, ఆరేళ్ళు చిన్న. పుట్టుకతోనే అతనికి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. రైలు నడపాలని చిన్నప్పటి నుంచీ కోరిక. రాతపరీక్ష గట్టెక్కాడు కానీ, కళ్ళ పరీక్షలో రంగు బుడగల మధ్య దాగిన అంకె చదవలేక ఇంటిదారి పట్టాడు. ఆ రోజు నేరుగా దుకాణానికి వచ్చి, "ఊరందరికీ కళ్ళజోళ్ళు చేసిపెడతావు, నా ఒక్కడికే లేదే అక్కా" అన్నాడు నవ్వుతూ. అతను ఏడ్చి ఉంటే ఆమెకు అంత బాధ అనిపించేది కాదేమో.

తర్వాత అతను రెండు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో ఒక గోదాములో సరుకులెత్తే బండి నడిపే పనిలో చేరాడు. పెళ్ళయింది, పాప పుట్టింది. తీరిక దొరికితే కంప్యూటరు ముందు కూర్చుని పడవల ఆట ఆడేవాడు. ఎక్కడెక్కడివాళ్ళో జట్లుగా కలిసి ఆడే ఆట అది. ఆకుపచ్చ దీపమున్న పడవ మనది, ఎర్రదీపమున్నది ఎదుటివాళ్ళది. అతనికి రెండూ ఒకే మట్టిరంగు. సొంత జట్టు పడవలనే గుద్ది ముంచేవాడు. జట్టువాళ్ళు తిట్టిపోసేవారు.

"మానేస్తానక్కా. ఇక్కడా ఆ రైలు పరీక్షే" అన్నాడొకసారి ఫోన్లో.

ఆమె మాననివ్వలేదు. ఏడాదిపాటు పని అయ్యాక కూర్చుని, వీడియోలు చూసి, తప్పులు రాసి, దిద్దుకుని, చివరికి ఒక చిన్న ప్రోగ్రామ్ తయారు చేసింది. అది తెర మీది రంగులను పసిగట్టి ఆకుపచ్చ దీపం పక్కన చుక్క, ఎర్రదీపం పక్కన గీత వేస్తుంది. అంతే. మొదటి రోజు ఆడి తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఇన్నాళ్ళూ అందరూ నాకు చుక్కలు చూపించారు. నువ్వు నిజంగానే చూపించావే!"

అతని నుంచి అది జట్టుకు, జట్టు నుంచి వేలమందికి పాకింది. చేసిందెవరని ఎవరో అడిగితే తమ్ముడు "చుక్కలక్క" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

చిక్కల్లా ఒకటే. ఆట తయారుచేసిన కంపెనీ నెలకోసారి దాన్ని అప్‌డేట్ చేసేది. రంగుల ఛాయ కొంచెం మారినా చుక్కలు మాయమయ్యేవి. మర్నాడు పొద్దున్నే ఫోన్.

"అక్కా, పోయాయి."

"ఉండరా, చూస్తున్నా."

ఆమె సరిచేసేదాకా అతను ఫోన్ పెట్టేవాడు కాదు. ఆ సందులో పాప పన్ను ఊడిన సంగతి, మరదలు కుట్టుమిషను కొన్న సంగతి, తన నడుంనొప్పి, ఆమె మోకాలినొప్పి అన్నీ దొర్లేవి. ఒక్కోసారి పని పది నిమిషాల్లో అయిపోయినా "ఇంకా దొరకలేదురా" అనేది ఆమె. ఊరికే ఫోన్ చేసి మాట్లాడుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ళ నాన్నయితే పనుంటేనే నోరు విప్పే మనిషి.

నాలుగేళ్ళు గడిచాక కంపెనీ తమ పేజీలో ఆటగాళ్ళను అడిగింది: ఈ గుర్తులను ఆటలోనే పెట్టమంటారా? పెద్ద రచ్చే అయింది. "చుక్కలక్కది ఉండగా మళ్ళీ చేయడమెందుకు? ఆ సమయంలో కొత్త పడవలు చేయండి" అని కొందరు. "ప్రతి నెలా అది చెడితే, బాగయ్యేదాకా గుడ్డివాళ్ళలా కూర్చోవాలా?" అని ఇంకొందరు. "కంపెనీ చేస్తే తూతూమంత్రంగా చేస్తుంది, ఉన్నదీ పోతుంది" అని మరికొందరు.

కంపెనీలో పనిచేసే ఒకావిడ ఆమెకే ఉత్తరం రాసింది. "మీరు వద్దంటే మేం ముట్టుకోం. మీ అభిప్రాయం చెప్పండి."

తమ్ముడు ఎగిరిపడ్డాడు. "వద్దనక్కా! నువ్వు కష్టపడి చేస్తే వాళ్ళు లాక్కుంటారా?"

యజమానీ అదే పాట పాడాడు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. వాళ్ళు అడిగి మరీ తీసుకుంటామంటున్నారు. నువ్వు ఇవ్వకు."

ఆమె వారం రోజులు ఊగిసలాడింది. ఆ వారంలోనే ఒక తండ్రి రాశాడు. తన కొడుకు పాత ఫోన్లో ఆడతాడట. చుక్కల ప్రోగ్రామ్ ఫోన్లో పనిచేయదు. "వాడికేమైనా దారుందా తల్లీ?" అని అడిగాడు. లేదు. ఫోన్లో ఆట లోపలికి ఆమె చెయ్యి దూరదు.

మధ్యాహ్నం భోజనాల వేళ యజమానితో అంది. "మెట్లెక్కలేనివాడు మన దుకాణానికొస్తే పక్కింటివాళ్ళు చెక్కపలక తెచ్చి వేస్తున్నారనుకోండి. ఎన్నాళ్ళు వేస్తారు? వాళ్ళు ఊళ్ళో లేని రోజు ఏం చేస్తాడు? వాలుగా బాట కట్టాల్సింది దుకాణం వాళ్ళే కదండీ."

"మన ముందున్నవి మూడు మెట్లేగా" అన్నాడు యజమాని.

ఆ సాయంత్రమే "పెట్టండి" అని రాసింది. ఏ ఛాయ ఎందుకు మోసం చేస్తుందో, గీత ఎంత మందంగా ఉంటే చిన్న తెర మీద కనబడుతుందో, నాలుగేళ్ళలో తెలుసుకున్నదంతా పదకొండు పేజీలు రాసి పంపింది.

వాళ్ళు బాగానే చేశారు. చుక్కకు బదులు త్రికోణం పెట్టారు, అది ఇంకా స్పష్టంగా ఉంది. ఫోన్లోనూ పనిచేసింది. ఆ తండ్రి కృతజ్ఞతలు రాశాడు. చాలామంది రాశారు. రెండు వారాలకు ఉత్తరాలు ఆగిపోయాయి.

తర్వాతి అప్‌డేట్ వచ్చింది. మర్నాడు పొద్దున ఆమె ఫోన్ పక్కనే పెట్టుకుని టీ తాగింది. మోగలేదు. ఆ పై నెలా మోగలేదు. మూడో నెల, ఈసారైనా ఏదో ఒకటి చెడిపోతే బాగుండునని మనసులో అనుకుని, ఆ పాత ఫోన్ పిల్లవాడు గుర్తొచ్చి సిగ్గుపడింది.

చివరికి తనే చేసింది.

"చెప్పక్కా, ఏమైంది?" తమ్ముడి గొంతులో కంగారు.

"ఏం కాలేదు. ఊరికే చేశా."

"ఊరికేనా?"

"ఆ. పాపెలా ఉంది?"

"బాగుంది. నువ్వు?"

"బాగున్నా."

అతని వెనక పడవల చప్పుడు వినబడుతోంది. ఇన్నేళ్ళుగా ఆ ఆటను సరిచేసిందే తప్ప తనెప్పుడూ ఆడలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

"ఒరేయ్, నాకు నేర్పుతావా?"

"నువ్వా? ఆడతావా?" పడీపడీ నవ్వాడు. నేర్పాడు కూడా. రెండు ఆదివారాలు. ఆమె పడవను గట్టుకు గుద్దినప్పుడల్లా "నాకంటే ఘోరం!" అని మురిసిపోయాడు. మూడో ఆదివారం నుంచి అతనికి రాత్రి షిఫ్టు పడింది. తెల్లవారాక ఇంటికొచ్చి కాసేపు ఆడి పడుకుంటాడు. ఆమెకు తీరేది దుకాణానికి వెళ్ళబోయే ముందు, తొమ్మిదికి.

ఆమె రోజూ ఆ వేళకు ఆట తెరిచి, అతని జట్టు ఆగే రేవుకే పడవను తెస్తుంది. పక్కన జాబితాలో అతని పేరు బూడిదరంగులో ఉంటుంది. దాని కింద, "మూడు గంటల క్రితం వచ్చి వెళ్ళారు." అతని తెర మీద ఆమె పేరు కిందా అలాంటి లెక్కే ఉంటుంది. ఎవరితోనూ ఆడదు. నీళ్ళ మీద కాసేపు అలా ఉండి, సంచీ భుజాన వేసుకుని బయలుదేరుతుంది.

మొన్న అది రెండు గంటలని ఉంది. నిన్న గంటన్నర. అతనికి నిద్ర పట్టడం లేదో, ఇంకేదైనా కారణముందో, ఆమె అడగలేదు.