అక్క బండికి నేను వేసిన టైర్లు

ఒక మాట ఏళ్ళ తరబడి నా గొంతులో అడ్డం పడి ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. అక్క ఇంట్లో అన్నానికి కూర్చున్నప్పుడు, వద్దన్నా వినకుండా ఆమె ఇంకో గరిటె కూర వేసిన ప్రతిసారీ అది గుర్తొచ్చేది. నా పేరు చెప్పను. ఆర్మూర్‌లో నన్ను ఎరిగినవాళ్ళు నాలుగు వాక్యాలు చదివేసరికి ఎలాగూ పోల్చుకుంటారు. పోల్చుకోనీ. మీరు నన్ను ఎరగరు, అందుకని మీతో మొదలుపెట్టడం నాకు కాస్త తేలిక.

హైవే పక్కన నాకో టైర్ల దుకాణం ఉంది. ట్రాక్టర్లు, ట్రాలీలు, ఆటోలు, అప్పుడప్పుడు కార్లు. ఈ పనిలో నాకు తెలియనిది లేదని అప్పట్లో గట్టి నమ్మకం. ఇప్పుడు లేదు లెండి.

అక్క నాకన్నా బాగా పెద్దది. అమ్మ కూలికి పోతే నన్ను చంకనేసుకుని వాడంతా తిరిగింది ఆమే. బావ దుబాయ్‌లో పని చేసేవాడు. ఒకసారి సెలవు మీద వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. ఆలూర్ అవతల వాళ్ళ పసుపు చేనుకు పోయే బాట వానాకాలమంతా బురద, మామూలు కారు దిగితే దిగినచోటే ఉంటుంది. అందుకని ఆ బండి. తాళం అక్క చేతిలో పెట్టి ఆయన మళ్ళీ విమానం ఎక్కాడు.

నడపడం నేర్పింది నేనే. పసుపు రాని నెలల్లో మార్కెట్ యార్డు ఖాళీగా ఉండేది. పొద్దున్నే అక్కడికి పోయేవాళ్ళం. అక్క చెప్పులు విప్పేసి, కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని, వట్టి కాళ్ళతో నడిపేది. బండి గుర్రుమని ఆగిపోతే నవ్వేది. నవ్వుకుంటూనే నేర్చేసుకుంది. మా వాడలో కారు నడిపిన మొదటి ఆడమనిషి ఆమే. వాళ్ళ అత్తను దవాఖానకు తీసుకుపోయేది, చేనుకు ఎరువు బస్తాలు వేసుకుపోయేది. నా దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు ఊరికే ఒకసారి హారన్ కొట్టేది. నేను తల ఎత్తి చూస్తే నవ్వుతూ దాటిపోతుండేది. ఆ ముఖం ఎలా ఉండేదో మీకు ఎలా చెప్పను? అంత సంతోషంగా అక్కను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఒక వానాకాలం వెనక టైర్లు రెండూ మార్చాల్సి వచ్చింది. ఒకటి పక్కన కోసుకుపోయింది, రెండోది అరిగింది. ఆ సైజు నా దగ్గర లేదు. నిజామాబాద్ నుంచి తెప్పించవచ్చు, రెండు రోజులు ఆగితే సరిపోయేది. కానీ అదే రిమ్ముకు పట్టే టైర్లు ఇంకో జత దుకాణంలో పడి ఉన్నాయి. వెడల్పు ఎక్కువ, ఎత్తూ ఎక్కువ. వాటిని చూసి నా బుర్రలో ఏం మెదిలిందో చెబితే మీరు నవ్వుతారు. ట్రాక్టర్ మెదిలింది. పొద్దున లేస్తే ట్రాక్టర్లు చూసే మనిషిని. ముందు చిన్నవి, వెనక పెద్దవి. నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టర్‌కైనా అంతే కదా, బురదలోంచి బలంగా లాగాలంటే వెనక పెద్దవే ఉండాలి కదా అనుకున్నాను. ట్రాక్టర్ లోపలి పళ్ళచక్రాలను ఆ తేడాకు తగ్గట్టే చేస్తారని, కారుకు అలా చెయ్యరని నాకు తెలియదు. ఎవరినైనా అడిగితే తెలిసేది. నేను అడగడమేమిటి, నన్నే అందరూ అడుగుతారు కదా.

వేసేశాను. వెనక ఎత్తు లేచి బండి చూడ్డానికి బాగుంది. అక్క చుట్టూ తిరిగి చూసి మురిసిపోయింది. నాలుగు రోజులకు వచ్చి, ముందు అద్దం కింద ఏదో పసుపు లైటు వెలుగుతోందని చెప్పింది. వానకు తడిసిందేమో, అదే పోతుందన్నాను. ఆమె నమ్మింది. నేను చెప్పింది ఆమె నమ్మకపోవడం ఎప్పుడు జరిగింది కనుక?

కొన్ని వారాల తర్వాత ఆలూర్ నుంచి వస్తుంటే దారిలో బండి ఆగిపోయింది. నేను పోయి చూసేసరికి వెనక భాగం కింద నుంచి కాలిన నూనె వాసన. దుకాణానికి లాక్కొచ్చాం. అక్కను ఇంటికి పంపి, ఎందుకో డ్రైవర్ తలుపు తెరిచి పక్కన అంటించిన చీటీ చదివాను. టైరు సైజు ఉంది, ముందుకూ వెనక్కూ ఒకటే. డాష్‌బోర్డులోంచి కంపెనీ పుస్తకం తీసి చూస్తే నాలుగూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలని, లేకపోతే లోపలి భాగాలు చెడిపోతాయని రాసి ఉంది. అప్పుడు అర్థమైంది. ఎత్తు తక్కువ ఉన్న ముందు చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, ఎత్తు ఎక్కువ ఉన్న వెనకది తక్కువ తిరుగుతుంది. ముందుకూ వెనక్కూ బలం పంచే భాగం మధ్యలో ఇరుక్కుని, తారు రోడ్డు మీద కూడా రాసుకుంటూ రాసుకుంటూ కాలిపోయింది.

ఇంతవరకు పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు. అసలు తప్పు దీని తర్వాత చేశాను.

తీసేసిన పాత టైర్లు ఎడ్లబండ్లవాళ్ళకు పనికొస్తాయని వెనకాల పడేసి ఉంచాను. ఆ సాయంత్రం కోసుకుపోయినదానికి లోపల ప్యాచ్ వేసి, రెండూ మళ్ళీ అక్క కారుకే బిగించాను. నేను వేసినవి ఊడదీసి గోడ వెనక దాచాను. మర్నాడు అక్క మళ్ళీ చూడకముందే బండి నిజామాబాద్ పోయింది. అక్కడి మెకానిక్ చూసి, ఆ భాగం కాలిపోయిందని, బహుశా సరిగా నడపలేదేమోనని అన్నాడు. ఆయన తప్పేం లేదు. చూడాల్సినవి నేను మార్చేశాను కదా.

అంతే, వాడంతా పాకింది. ఆడమనిషికి కారు ఇస్తే ఇంతే అన్నారు. అత్త అన్నది, పాలాయన అన్నాడు. బావ మాత్రం ఫోన్‌లో ఒక్క మాట కోపంగా అనలేదు. పోతే పోయింది, నువ్వు బాగున్నావు కదా, ఇంక నడపకు అన్నాడట. అక్క ఆ రోజు దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"తమ్మీ, నువ్వు నేర్పినవ్ కదా, నిజం చెప్పు. నా తప్పేనా? నా చెయ్యి గంత కరాబా?"

నేను ఏదో నట్టు తుడుస్తున్నాను. తల ఎత్తలేదు.

"ఏమో అక్కా. ఎప్పుడన్న క్లచ్ మీద కాలు పెట్టి మరిచిపోయినవేమో."

"గట్లనే చేసిన్నేమో," అంది. లేచి వెళ్ళిపోయింది.

ఎందుకన్నాను ఆ మాట? బావ కొడతాడనా? కొట్టే మనిషి కాదు. అక్క తిడుతుందనా? తిట్టినా సాయంత్రానికి అన్నం పంపేది. టైర్లోడికే టైర్లు తెలవవని ఊరు నవ్వుతుందని. అంతే. నా పేరు నిలబెట్టుకోవడానికి అక్క చెయ్యి చెడ్డదని ఆమెనే నమ్మించాను. బండిని నిజామాబాద్‌లోనే అమ్మేశారు. తర్వాత ఎన్ని ఏళ్ళు ఆమె షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని, ఒళ్ళో సంచి పెట్టుకుని చేనుకు పోవడం చూశానో. అత్తకు ఆయాసం వచ్చిన రోజు పక్కింటివాళ్ళ కారు కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూడ్డం చూశాను. నా దుకాణం ముందు నుంచే పోయేది ఆటో. అక్క నాకు చెయ్యి ఊపేది కూడా.

ఇక దాచలేకపోయాను మొన్న. అక్క కూతురు కారు నేర్చుకుంటానంది. పిల్లకు మంచి ఉద్యోగం, సొంత సంపాదన. అక్క అడ్డం తిరిగింది. "మన ఇంట్ల ఆడోళ్ళ చేతికి బండి రాదు బిడ్డా. నేను చూసిన కదా," అంది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నా అబద్ధం పిల్ల మీదికి కూడా పోతోంది.

మర్నాడు పోయాను. అక్క ఒక్కతే పసుపు కొమ్ములు ఏరుతోంది. కింద కూర్చుని మొత్తం చెప్పాను, టైర్లు, చీటీ, పుస్తకం, గోడ వెనక దాచింది, అన్నీ. చేతులు ఆడిస్తూనే విన్నది. చాలాసేపటికి చేతులు ఆగాయి.

"అయితే నేను మంచిగనే నడిపిననా?"

"మంచిగ నడిపినవక్కా. నీ తప్పు జర కూడ లేకుండె."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. "గీ మాట గప్పుడే చెప్తే నీకేం పోతుండెరా?" అంది మెల్లగా. ఆమె చేట తీసుకుని లోపలికి పోయింది. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను. మళ్ళీ నాతో మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు, అయినా ఇన్నేళ్ళలో మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను, అది కూడా సిగ్గుచేటే.

బావకు ఫోన్ చేసి చెప్పాను. అత్తకు చెప్పాను. పాలాయనకు చెప్పాను. వాడలో మిగిలినవాళ్ళకు ఇదిగో, ఇలా చెబుతున్నాను. మా అక్కకు కారు నడపడం వచ్చు. బాగా వచ్చు. ఆ బండిని కాల్చింది నేను.