సుబ్బరావమ్మ ధ్యానానికి కూర్చున్న సంగతి

పర్చూరు దగ్గర పల్లెలో సుబ్బరావమ్మ నోటికి జడవని కూలీ లేడు, దళారీ లేడు. మొగుడు పోయాక మిరప, పత్తి తనే దగ్గరుండి సాగు చేయించింది. మనుషుల మీద ఆమెకు మంచి అభిప్రాయం ఎన్నడూ లేదు.

ఆ ఏడు కల్లంలో కాయలు ఆరబోయిస్తూ కళ్లు తిరిగి కూలబడింది. చిలకలూరిపేటలో డాక్టర్ సిద్దికా బీపీ చూసి బిళ్లలు రాసింది. ఆసుపత్రి మేడమీద జరిగే ధ్యానానికి కూడా రమ్మంది.

"పనీపాటా లేనోళ్లు చేసేదమ్మా అది."

"బిళ్ల మానొద్దు, ఇదీ మానొద్దు పెద్దమ్మా. మీ కోపానికి ఒక్క బిళ్ల చాలదు."

వెళ్లింది. కళ్లు మూసుకోమంటే సగం తెరిచి అందర్నీ చూసేది. ఒకాయన గురక పెట్టేవాడు. ఒకావిడ ఊపిరి పీల్చినప్పుడల్లా మెడలో గొలుసు పైకి సర్దుకునేది. ముందు వరసలో రిటైరైన హెడ్మాస్టరు బాపయ్య. కనుబొమల మధ్య నీలం వెలుగు కనబడుతోందనీ, ఇక బీపీ బిళ్లలతో పనిలేదని మానేశాననీ ఆయన చెబుతుంటే జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆమెకు రోత పుట్టింది.

"అది వెలుగు కాదు మాస్టారూ, బీపీ పెరిగి కళ్లు చెదురుతున్నాయి. ఇంటికెళ్లి బిళ్ల ఏసుకోండి."

ఆయన ఆమెకేసి చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు.

తర్వాతి వారం ఆయన రాలేదు. పక్షవాతం వచ్చి కింద వార్డులో ఉన్నాడని తెలిసింది. ఆయన మాటలకు తెరుచుకున్న నోళ్లే, ఇదంతా ధ్యానం వల్లేనని చెప్పి ఇళ్లకు పోయాయి. ఆమె కిందికి దిగి చూసింది. మూతి ఒక పక్కకు లాగేసి, మాట పెగలక బాపయ్య ఏడుస్తున్నాడు. తిట్టడానికి వచ్చిన నోరు తిట్టలేదు. నర్సు ఇచ్చిన బిళ్ల ఆయన మింగేదాకా పక్కనే నిలబడింది.

"ఏడవమాకండి, బీపీ పెరుగుద్ది. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి," అంది.

మళ్లీ మేడెక్కితే హాలు దాదాపు ఖాళీ. ఈసడించుకోడానికి కూడా ఎవరూ లేకపోవడంతో మొదటిసారి పూర్తిగా కళ్లు మూసుకుంది. లోపల వినిపించింది తన ఊపిరి ఒక్కటే. అది మొదట విసుగనిపించింది, కాసేపటికి హాయనిపించింది.

వేసవి దాటేసరికి బీపీ అదుపులోకి వచ్చింది. బాపయ్య కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, బిళ్లలు వేసుకుంటున్నాడు. ఆ కిటుకేదో మాకూ చెప్పమని ఊళ్లో ఆడవాళ్లు అడిగారు.

"బిళ్ల ఏసుకోవాలి, నోరు మూసుక్కూర్చోవాలి. మీ వల్ల రెండూ కావు," అని సుబ్బరావమ్మ చేలోకి వెళ్లిపోయింది.