డాంగిల్ వేటలో నేనూ, మా అత్తా

నా లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించిన రోజు నేను మేడగదిలో చిన్నపిల్లలా గంతులేశాను. అది చాలా పాత లాప్‌టాప్. అందులో ఉన్న సిస్టమ్‌కి ఇక అప్‌డేట్లు రావన్నారు. కొత్త సిస్టమ్‌ని మోసే ఓపిక దానికి లేదు. పారేద్దామంటే నాకు చేతులు రాలేదు. విజయనగరంలో మా కిరాణా కొట్టు పైన కూర్చుని శుభలేఖలకీ కరపత్రాలకీ తెలుగు అక్షరాలు కూర్చేది దాని మీదే. ఎవరైనా ఉచితంగా దింపుకుని వాడుకోవచ్చనీ, ముసలి లాప్‌టాప్‌లని కూడా పరిగెత్తిస్తుందనీ చదివి లినక్స్ అనే తేలికపాటి సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. దేవుడికి దండం పెట్టుకుని మీట నొక్కాను. ఇదివరకు నేను కాఫీ కలుపుకుని తాగి వచ్చినా తెరుచుకోని లాప్‌టాప్, కుర్చీ సర్దుకునేలోపు తెరుచుకుని నా ముఖంలోకి చూసింది.

అన్నీ ఉన్నాయి. వైఫై మాత్రం లేదు. లోపలున్న వైఫై కార్డు ఈ కొత్త సిస్టమ్‌కి అంతుబట్టలేదు. ఫోన్‌ని వైరుతో కలిపితే నెట్ వచ్చేది గానీ, మా మేడ మీద ఫోనుకి సిగ్నల్ నిలవదు. కింద కొట్లో పెట్టించిన వైఫై మాత్రం పై గదిదాకా దివ్యంగా వస్తుంది. కాబట్టి నాకు కావలసింది పక్కన గుచ్చుకునే చిన్న వైఫై డాంగిల్. అదెంత పని అనుకున్నాను.

నెట్‌లో జనం మెచ్చుకున్న మోడల్ పేరు రాసుకుని అదే తెప్పించాను. గుచ్చాను. చడీ చప్పుడూ లేదు. వాళ్ళ చర్చలన్నీ చదివితే తెలిసిందేమిటంటే, కంపెనీ అదే పేరుతో, అదే అట్టపెట్టెలో, లోపలి చిప్పు మార్చేసి అమ్ముతోందట. పాత చిప్పుకి లినక్స్‌లో డ్రైవర్, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రాం, ఉంది, కొత్తదానికి లేదు. కిందికి దిగి ఈ ఘోరం మా అత్తతో చెప్పాను.

మా అత్త అంటే మా నాన్న అక్క. నేను మేనబావనే చేసుకున్నాను గనక అత్తగారు కూడా ఆవిడే. కొట్లో గల్లా దగ్గర కూర్చుని బేరాలన్నీ ఆవిడే చూస్తుంది.

"అదేటే!" అంది అత్త కళ్ళు పెద్దవి చేసి. "పైన కందిపప్పని రాసి లోపల బఠాణీ పప్పు పోస్తే నా కొట్టుకి జనం వస్తారేటి?"

రెండోది మా ఊళ్ళోనే కొన్నాను. కొట్టతను "అన్నిటికీ వస్తాదండి" అన్నాడు. దానితోపాటు ఒక సీడీ ఇచ్చాడు. నా లాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే లేదు, ఉన్నా అది లినక్స్‌కి పనికిరాదు. ఎవరో పుణ్యాత్ముడు రాసి పెట్టిన డ్రైవర్‌ని దింపి, తెర మీద కొండవీటి చాంతాడంత ఆదేశాలు కొట్టాను. నీలం లైటు వెలిగింది! ఆ సంబరంలో మా ఇంట్లో సేమ్యా పాయసం కూడా అయింది. మర్నాడు సిస్టమ్ అప్‌డేట్ అడిగితే సరేనన్నాను. లైటు పోయింది, వైఫై పోయింది.

"నిన్న బాగానే ఉన్నాది కదే, ఏటయినాది?"

"అప్‌డేట్ చేశాను అత్తా. డ్రైవర్ మళ్ళీ ఎక్కించుకోవాలిట. ప్రతిసారీ ఇంతేనట."

"ప్రతిసారీ పాయసం నావల్ల కాదు," అంది అత్త. తరవాత గల్లాపెట్టె మూసి, "ఒసే, సీర ఒంటి మీద ఏసుకుని సూడకుండా కొంతామేటి? నీ లాప్‌టాపుని సంకనెట్టుకుని పద. కొట్లోనే గుచ్చి సూద్దాం. ఎలిగితే కొందాం, నేకపోతే నేదు," అంది.

ఇన్నాళ్ళూ నాకు తట్టనందుకు సిగ్గేమీ పడలేదు. ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టాను.

మొదటి కొట్టాయన సీలు తీయనన్నాడు. రెండో కొట్టాయన కూడా అదే అనబోయాడు.

"నీకు నెల సరుకులు ఎవుల కొట్లోంచి వస్తన్నాయి బావూ?" అని అత్త చాలా మెత్తగా అడిగింది.

ఆయన వెంటనే కత్తెర తీశాడు. ఒక్కొక్కటీ గుచ్చుతున్నాం, తెర వంక చూస్తున్నాం, తీసేస్తున్నాం. అత్త పక్కన నిలబడి క్రికెట్ అంపైరులా వేలెత్తి "అవుటు" అంటోంది. ఛార్జర్లు కొనడానికొచ్చినవాళ్ళు కూడా ఆగి మాతో కలిసి "అవుటు" అనడం మొదలెట్టారు. ఆఖరికి కొట్టాయనకే పౌరుషం వచ్చింది.

"శ్రీకాకుళంలో మా బావ కొట్టున్నాదమ్మా. ఆడు పాత సరుకు పారెయ్యడు. మీ దానికి పాతయ్యే పడతాయేమో," అని అక్కడికక్కడే ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. అత్త పులిహోర కట్టింది. డాంగిల్ కొనడానికి పులిహోరేమిటని మా ఆయన నవ్వితే, "ఇప్పుడు నవ్వీ. తెచ్చీసాక సూద్దువుగాని," అంది.

శ్రీకాకుళం బావగారు లావుపాటి మనిషి. మా కోసం ఎదురుచూస్తూ దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి బల్ల మీద సిద్ధంగా పెట్టాడు.

"తియ్యండమ్మా, గుచ్చండి. ఏది పడితే అదే మీది," అన్నాడు.

మొదటిది అవుటు. ఆ తరవాతవీ అవుటే. నా ఉత్సాహం నీరుగారిపోతోంది. అప్పుడు బావగారు పెట్టె అడుగున చెయ్యి పెట్టి, మూత చిరిగిన డబ్బాలోంచి ఒకటి తీశాడు. బెండకాయంత యాంటెన్నా ఉన్న మొరటు డాంగిల్. గుచ్చాను. ఆకుపచ్చ లైటు ఒకసారి మిణుకుమని, ఆగి, మళ్ళీ మిణుకుమంది. సీడీ పెట్టలేదు, డ్రైవర్ దింపలేదు, ఆదేశం కొట్టలేదు. తెర మీద ఆ వీధిలో ఉన్న వైఫైల పేర్లన్నీ టపటపా రాలిపడ్డాయి.

నేను కెవ్వున అరిచాను. అత్త బావగారి వీపు మీద ఒక్కటి చరిచింది. ఆయన ఉలిక్కిపడి, తరవాత మాకంటే గట్టిగా నవ్వాడు. తన కొట్టు పాస్‌వర్డ్ చెబితే కలిపాను. క్షణంలో కలిసింది.

"దీన్ని పాతసామాన్లోడికి ఏసీద్దామనుకున్నానమ్మా!" అన్నాడాయన, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ. పులిహోర ఆయనకీ పెట్టాం. ఆ సంబరంలో అత్త బేరమాడడం మరిచిపోయింది. బస్సెక్కాక గుర్తొచ్చి తల కొట్టుకుంది.

ఇంటికొచ్చాక అది మా కొట్టు వైఫైకి మారు మాట్లాడకుండా కలిసింది. తరవాత ఎన్ని అప్‌డేట్లు వచ్చినా చలించలేదు. ఇప్పుడీ మాటలు కూడా దాని దయతోనే పంపుతున్నాను. కానీ ఆ రోజు తలుచుకుంటే నాకు ముందు కళ్ళల్లో మెదిలేది ఆ తిరుగు బస్సే.

నాకు ఆత్రం ఆగక, బస్సు కదిలాక లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని డాంగిల్ గుచ్చాను. రోడ్డు పక్క ఇళ్ళ వైఫైల పేర్లు ఒక్కొక్కటే తెర మీదకి వచ్చి, బస్సు ముందుకి పోగానే మాయమైపోతున్నాయి. నేను పైకి చదువుతున్నాను. "నీకెందుకు". "పక్కింటోళ్ళకి లేదు". "దొరికిపోయావ్". ప్రతి పేరుకీ అత్త పగలబడి నవ్వుతోంది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి మా మీదుగా వంగి చూశాడు.

ఒక్క పేరు మాత్రం ఎంత దూరం పోయినా మమ్మల్ని వదల్లేదు. "అడిగితే తంతాను".

"ఇది కదలదేటే?" అంది అత్త.

"బస్సులోనే ఎవరో ఫోన్లోంచి వైఫై పంచుతున్నట్టున్నారు అత్తా."

అత్త లేచి నిలబడి, కడ్డీ పట్టుకుని, బస్సంతా వినబడేలా అడిగింది. "ఒరే, ఈ బస్సులో 'అడిగితే తంతాను' ఎవుడ్రా?"

వెనక సీట్లో గుబురు మీసాల పెద్దాయన, బడిలో పిల్లాడిలా, మెల్లగా చెయ్యెత్తాడు.

"మా ఆవిడ పెట్టిందమ్మా," అన్నాడు.

బస్సంతా గొల్లున నవ్వింది. కండక్టరుకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెట్టాయి. మీసాల ఆయన కూడా నవ్వేస్తూ, "అడగండి, తన్నన్లే," అని పాస్‌వర్డ్ చెప్పాడు. దానికి కలుపుకుని మా ఆయనకి వీడియో కాల్ చేశాం. అత్త డాంగిల్ యాంటెన్నాని వేలితో మీటుతూ, "సూసీవా? తెచ్చీసాం!" అని అరిచింది. అవతల ఆయన ఏమన్నాడో ఈ గోలలో ఒక్క ముక్క వినబడలేదు.

రణస్థలంలో మీసాల ఆయన దిగిపోయాడు. అత్త కిటికీలోంచి చెయ్యి ఊపింది, ఆయన తిరిగి ఊపాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ పేరు తెర మీద ఉండి, తరవాత పోయింది.